అరిగిన గేమ్ డ్రమ్స్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం: రబ్బరు నుంచి పెడల్ దాకా

ఎర్ర ప్యాడ్ గట్టిగా బాదితేనే పలుకుతుంది. పసుపుది ఒక్క దెబ్బకు రెండుసార్లు మోగుతుంది. నీలం కొడితే పక్కనున్న ఆకుపచ్చ కూడా లేచి కూర్చుంటుంది. కిక్ పెడల్ సంగతి ఇక సరేసరి. 2007 నుంచి వచ్చిన రాక్ బ్యాండ్, గిటార్ హీరో అనే వీడియో గేమ్‌ల డ్రమ్ కిట్లలో ఇంకా అటకల మీద మిగిలి ఉన్నవాటికి వచ్చే జబ్బులు ఇంచుమించు ఇవే. సెకండ్ హ్యాండ్‌లో దొరికేవీ అదే వయసువి కాబట్టి, ఇంకొకటి కొన్నా మళ్లీ విప్పక తప్పదు. ఉన్నదాన్నే విప్పడం నయం.

ప్యాడ్‌లో యంత్రం అంటూ పెద్దగా ఏమీ లేదు. పైన రబ్బరు, దాని కింద గట్టి ప్లాస్టిక్ పలక, పలక అడుగున అంటించిన ఇత్తడి బిళ్ల, పలక అదురు డబ్బాకు పాకకుండా మధ్యలో కాస్త ఫోమ్. ఆ బిళ్లే పీజో డిస్క్. ఇత్తడి మీద సిరామిక్ పొర, దాని మీద వెండి పూత ఉంటాయి. దెబ్బ తగిలి బిళ్ల వెంట్రుకవాసి వంగితే చాలు, రెండు వైర్ల మధ్య ఓల్టేజీ పుడుతుంది. లోపలి సర్క్యూట్ బోర్డు దాన్ని చూసి దెబ్బ పడిందని లెక్కేసుకుంటుంది. కాబట్టి కావాల్సినవి రెండే: దెబ్బ సొంత డిస్క్‌కు పూర్తిగా చేరాలి, పక్క డిస్క్‌కు చేరకూడదు. మొదటిది డిస్క్ పని, రెండోది ఫోమ్ పని. చాలామంది డిస్క్ మార్చి ఫోమ్‌ను ముట్టుకోరు. డిస్క్ కొత్తదైనా జబ్బు అలాగే ఉండేది అందుకే.

విప్పకముందే చూడాల్సినవి

మొదట డాంగిల్, అంటే కిట్ సిగ్నల్ అందుకోవడానికి యూఎస్‌బీకి గుచ్చే చిన్న ముక్క, ఉందో లేదో చూడండి. పీఎస్3 గేమ్ కన్సోల్ వైర్‌లెస్ కిట్లు, నింటెండో వీ కన్సోల్ రాక్ బ్యాండ్ వైర్‌లెస్ కిట్లు తమతో వచ్చిన యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే పలుకుతాయి. అది పోతే ప్యాడ్లన్నీ కొత్తవి వేసినా లాభం లేదు. ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కిట్‌ను కంప్యూటర్‌కు కలపాలంటే ఆ కన్సోల్ కోసం వచ్చిన వైర్‌లెస్ రిసీవర్ వేరే కావాలి. వైరుతో వచ్చిన పాత 360 కిట్ అయితే నేరుగా యూఎస్‌బీకి పెట్టేయవచ్చు. డాంగిల్ పోయినవాళ్లకు ఒక దారి ఉంది: పాత బోర్డు పక్కన పెట్టి ఆర్డుయినో లియొనార్డో లేదా ప్రో మైక్రో బోర్డుకు ప్యాడ్ల వైర్లు కలుపుకోవచ్చు. కాకపోతే అది ప్రోగ్రామింగ్‌తో కూడిన వేరే పని.

తర్వాత సెల్స్. దెబ్బలు అప్పుడప్పుడు మిస్సవుతున్నాయంటే ముందు కొత్త సెల్స్ వేసి చూడండి. సెల్స్ నీరసించినప్పుడు వైర్‌లెస్ సిగ్నల్ తెగుతూ ఉంటుంది, నింద ప్యాడ్ మీద పడుతుంది.

ఇప్పుడు కిట్‌ను కంప్యూటర్‌కు కలపండి. విండోస్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జె-ఓ-వై, చుక్క, సి-పి-ఎల్ అక్షరాలు కొడితే గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో ప్రాపర్టీస్ తెరవండి. ప్యాడ్ కొట్టిన ప్రతిసారీ ఒక నంబరు వెలుగుతుంది. 360 రాక్ బ్యాండ్ కిట్‌లో ఆకుపచ్చ ఏ బటన్‌కు (నంబరు 1), ఎరుపు బీకి (2), నీలం ఎక్స్‌కు (3), పసుపు వైకి (4), కిక్ ఎల్‌బీకి (5) పలుకుతాయి. గేమ్‌లో కన్నా ఇక్కడ పరీక్షించడమే మేలు. గేమ్‌లో మిస్సయితే తప్పు చేతిదో ప్యాడ్‌దో తేలదు, ఇక్కడైతే తేలిపోతుంది.

ప్రతి ప్యాడ్‌ను నడిమధ్యలో మెల్లగా పదిసార్లు, గట్టిగా పదిసార్లు, అంచు దగ్గర పదిసార్లు కొట్టి ఎన్ని పలికాయో కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఈ లెక్క కావాలి. జర ఓపికతో చేయాల్సిన పనే, కానీ ఇది ఎగ్గొడితే తర్వాత బాగుపడిందో లేదో చెప్పడానికి అంచనా తప్ప ఏమీ మిగలదు.

జబ్బు ఎక్కడుంది?

అసలే పలకని ప్యాడ్‌లో వైరు తెగి ఉంటుంది, సోల్డరింగ్ (కరిగించి పోసిన లోహపు అతుకు) ఊడి ఉంటుంది, లేదా డిస్క్ పగిలి ఉంటుంది. గట్టిగా కొడితేనే పలికేదానిలో చాలావరకు డిస్క్ పలకను వదిలి వేలాడుతుంటుంది. వెండి పూత చిట్లినా ఇదే లక్షణం. ఒక దెబ్బకు రెండు పలికితే డిస్క్ సగం ఊడి కొట్టుకుంటోంది, లేదా పలకను పట్టిన స్క్రూలు వదులయ్యాయి. పక్క ప్యాడ్ పలికితే ఫోమ్ అణగారింది, లేదా గట్టిపడింది.

డిస్క్ తప్పా, బోర్డు తప్పా అని తేల్చడానికి మార్పిడి పరీక్ష చేయండి. చాలా కిట్లలో ప్యాడ్ వైర్లు బోర్డుకు చిన్న రెండు పిన్నుల ప్లగ్గులతో వస్తాయి. పలకని ఎర్ర ప్యాడ్ ప్లగ్గును పలికే నీలం ప్యాడ్ ప్లగ్గుతో మార్చి పెట్టండి. ఇప్పుడు ఎర్ర ప్యాడ్ కొడితే నీలం రంగు రావాలి. అది రాకపోతే తప్పు ప్యాడ్‌లో. వచ్చి, నీలం ప్యాడ్ కొడితే ఎరుపు రాకపోతే తప్పు బోర్డులో. బోర్డు పోవడం అరుదు, అలాంటప్పుడు కూడా ముందు ఆ ప్లగ్ సాకెట్ కాళ్ల దగ్గర సోల్డరింగ్ చిట్లిందేమో చూడండి. ప్లగ్గులు లేకుండా నేరుగా సోల్డర్ చేసిన కిట్లయితే ఓల్టేజీ కొలిచే మల్టీమీటరే దిక్కు.

చవక పసుపు మల్టీమీటర్లలో ఏసీ రేంజ్ 200 ఓల్టుల నుంచే మొదలవుతుంది, అది ఇక్కడ పనికిరాదు. డీసీలో 2000 మిల్లీఓల్టుల రేంజ్ పెట్టి, రెండు వైర్లకు ప్రోబ్‌లు ఆనించి, ప్యాడ్ మీద వేలితో తట్టండి. అంకెలు ఎగిరిపడుతుంటే డిస్క్ బతికే ఉంది. ఎంత వచ్చిందన్నది పట్టించుకోవద్దు, మీటర్ ఆ వేగాన్ని అందుకోలేదు; మంచి ప్యాడ్‌తో పోల్చి చూస్తే చాలు. కెపాసిటెన్స్ (ఛార్జ్ పట్టే సామర్థ్యం) కొలిచే మీటర్ ఉంటే ఇంకా తేలిక. 27 మి.మీ. డిస్క్ మామూలుగా 20 నానోఫారడ్ అటూఇటూ చూపిస్తుంది. సగమో పావో చూపిస్తే సిరామిక్ పగిలి, కొంత ముక్కే పనిచేస్తోందన్నమాట.

సామాన్లు

పీజో డిస్క్ కోసం రేడియో, టీవీ విడిభాగాలు అమ్మే షాపులో 27 మి.మీ. పీజో ప్లేట్ అని అడగండి. నల్ల డబ్బాలా ఉండే బజర్ ఇస్తే తీసుకోవద్దు. అందులో చాలావాటికి సొంతంగా మోగే సర్క్యూట్ ఉంటుంది, అది మనకు అడ్డం. పాత డిస్క్‌ను స్కేలుతో కొలిచి అదే సైజు తేవాలి, 35 మి.మీ.ది పెడితే సిగ్నల్ ఎక్కువై పక్క ప్యాడ్ గోల మొదలవుతుంది. హనుమకొండ, వరంగల్ షాపుల్లో దొరక్కపోతే హైదరాబాద్ పోయేవాళ్లకు చెప్పి కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోండి. ఒక్కటి చాలినా నాలుగు తెప్పించండి. ధర పెద్దది కాదు, మొదటి సోల్డరింగ్‌లో ఒకటి పాడవడం మామూలే.

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, దానికి సన్నని బిట్ (మొన), 0.8 మి.మీ. సోల్డర్ తీగ (షాపుల్లో లెడ్ అంటారు), కాస్త సోల్డరింగ్ పేస్ట్, సన్నని మల్టీస్ట్రాండ్ వైరు, వేడికి ముడుచుకుని అతుకును కప్పే హీట్ ష్రింక్ స్లీవ్. మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావణం ఒక చిన్న సీసా. 1 మి.మీ. మందం ఫోమ్ డబుల్ సైడ్ టేపు. 3 మి.మీ., 5 మి.మీ. ఈవీఏ షీట్లు (కాస్త గట్టి ఫోమ్ షీట్లు) స్టేషనరీ షాపుల్లో ఉంటాయి. మెత్తటి ఫోమ్ కోసం సోఫాలు కుట్టే షాపుకు పోయి 40 డెన్సిటీ ముక్క అడిగితే కత్తిరింపుల కుప్పలోంచి తీసిస్తారు. పై రబ్బరు కోసం 3 మి.మీ. రబ్బరు షీట్ కొనవచ్చు. లారీ ట్యూబ్ ముక్క అయినా నడుస్తుంది. టైర్ పంక్చర్ షాపులో పాత ట్యూబులకు కొదవ ఉండదు. స్టార్ స్క్రూడ్రైవర్ మాత్రం పొడవు కాడది కావాలి, ఎందుకంటే ప్యాడ్ స్క్రూలు లోతు గుంటల్లో ఉంటాయి.

విప్పడం

సెల్స్ తీసేయండి, యూఎస్‌బీ పీకేయండి. కిట్‌ను బొంత మీద బోర్లించి, విప్పే ముందు ఫొటో తీయండి, విప్పిన ప్రతి అంచెకూ ఒకటి తీయండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కోడిగుడ్ల అట్టలో ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేసుకుంటే కలిసిపోవు. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పైకి పొడుచుకొచ్చి ప్లాస్టిక్ పగులుతుంది.

అన్ని స్క్రూలూ తీసినా మూత రాకపోతే బలవంతం చేయొద్దు. స్టిక్కర్ కిందో, రబ్బరు కాళ్ల కిందో ఇంకోటి దాగి ఉంటుంది. స్టిక్కర్ మీద వేలితో గట్టిగా రాస్తే గుంట తెలుస్తుంది. మూత లేపేటప్పుడు ఒక్కసారిగా లాగితే లోపలి వైర్లు డిస్క్ దగ్గర ఊడతాయి. ఒక పక్క రెండు వేళ్ల మందం లేపి, లోపలికి చూసి, ప్లగ్గులు పీకి, తర్వాతే పూర్తిగా తీయండి.

లోపల దుమ్ము, చీమల గూడు కనిపించొచ్చు. పాత పెయింట్ బ్రష్‌తో దులపండి. బోర్డు మీద తేమ మరకలుంటే ఐపీఏతో తడిపిన బ్రష్‌తో రుద్ది ఆరనివ్వండి. పెట్రోల్, థిన్నర్ ఈ ప్లాస్టిక్ దగ్గరికే రానివ్వొద్దు. ఏబీఎస్ ప్లాస్టిక్ వాటికి కరుగుతుంది, మరక పోదు.

డిస్క్ మార్చడం

పాత డిస్క్ పలకకు బాగా అతుక్కుని, వైరు మాత్రమే ఊడి ఉంటే డిస్క్ మార్చక్కర్లేదు, వైరు సోల్డర్ చేస్తే చాలు. డిస్కే తీయాల్సివస్తే కత్తితో తవ్వకండి. కుట్టుదారాన్ని రెండు చేతులతో పట్టుకుని టేపుకూ పలకకూ మధ్య రంపంలా లాగితే ఊడి వస్తుంది. మిగిలిన జిగురును ఐపీఏతో తుడిచి పలకను పూర్తిగా శుభ్రం చేయండి. నూనె చెయ్యి ముద్ర మిగిలినా కొత్త టేపు పట్టదు.

కొత్త డిస్క్‌కు వైర్లు పెట్టడం ఈ మొత్తంలో నాజూకైన పని. డిస్క్‌ను బల్ల మీద పెట్టి దగ్గరగా చూడండి: బయట ఇత్తడి అంచు, లోపల తెల్లటి వలయంగా కొద్దిగా కనిపించే సిరామిక్, దాని మీద మెరిసే వెండి బిళ్ల. వెండి పూత కాగితం కన్నా పల్చన. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే అది పొట్టులా లేచి లెడ్‌తో పాటు ఊడొస్తుంది. అప్పుడు ఆ డిస్క్ అయిపోయినట్టే.

1. వైరు కొసను 3 మి.మీ. ఒలిచి, పేస్ట్ రాసి, దానికి ముందే లెడ్ పట్టించండి.
2. వెండి పూత మీద అంచుకు దగ్గరగా పేస్ట్ చుక్క పెట్టి, బిట్ చివర లెడ్ బొట్టు తీసుకుని రెండు సెకన్లకు మించకుండా ఆనించి తీయండి. చిన్న వెండి బొట్టు నిలవాలి. నిలవకపోతే పది సెకన్లు చల్లారనిచ్చి మళ్లీ చేయండి, అక్కడే పట్టి ఉంచొద్దు.
3. లెడ్ పట్టించిన ఎర్ర వైరును ఆ బొట్టు మీద పెట్టి ఒక్క సెకను బిట్ తాకించండి. బొట్టు వైరును మింగగానే తీసేయండి. వైరు కదలకుండా మూడు సెకన్లు పట్టుకోండి. కదిలితే సోల్డరింగ్ మెరుపు లేకుండా మసకబారి గట్టిపడుతుంది. అది తర్వాత దెబ్బలకు ఊడుతుంది.
4. నల్ల వైరు ఇత్తడి అంచుకు. ఇత్తడి వేడిని తాగేస్తుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. ముందే ఎమ్రీ పేపర్‌తో ఆ చోటు రుద్దితే లెడ్ త్వరగా పడుతుంది. లెడ్ సిరామిక్ అంచు దాటి వెండి పూతను తాకకూడదు, తాకితే షార్ట్.

వెండికి ఎరుపు, ఇత్తడికి నలుపు అన్న వరస పాతదాంట్లో ఎలా ఉంటే అలాగే ఉంచండి. కొన్ని బోర్డులు సిగ్నల్ ఒక దిశనే ముందు చూస్తాయి. తిరగేస్తే మెల్లటి దెబ్బలు పలకవు.

ఇత్తడి పక్క పలక వైపు, సిరామిక్ పక్క మన వైపు ఉండేలా ఫోమ్ టేపుతో అంటించండి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఎమ్-సీల్‌తోనో ఆరల్డైట్‌తోనో డిస్క్ మొత్తాన్ని పాతిపెట్టడం. గట్టిగా ఉంటుందని అనుకుంటారు. డిస్క్ వంగితేనే ఓల్టేజీ వచ్చేది. రాయిలా బిగిస్తే వంగదు, ప్యాడ్ మూగబోతుంది. గ్లూ గన్‌తో అంటించేవాళ్లు కూడా ఉన్నారు. మే నెలలో రేకుల గదిలో ఉంచే కిట్ అయితే ఆ జిగురు మెత్తబడి పట్టు సడలుతుంది. గ్లూ గన్ వాడదలిస్తే వైరును ఆపడానికి వాడండి: డిస్క్ నుంచి 2 సెం.మీ. దూరంలో వైరును వదులుగా వంపు తిప్పి ఒక చుక్క వేయండి. ప్రతి దెబ్బకూ వైరు ఊగితే ఊడేది సోల్డరింగ్ దగ్గరే. ఊగడం ఆగితే ఊడడమూ ఆగుతుంది.

ఫోమ్

పాత ఫోమ్‌ను వేలితో నొక్కండి. లేచి రాకుండా అణిగే ఉంటే, లేదా గోరు తగలగానే పొడిపొడిగా రాలితే దాని ఆయుష్షు తీరింది. పలక డబ్బాను నేరుగా తాకుతోందేమో కూడా చూడండి. తాకిన చోట ప్లాస్టిక్ మెరిసిపోయి ఉంటుంది. ఆ మెరుపే పక్క ప్యాడ్‌కు దారి.

పాతదాని మందం కొలవాలి, కానీ అణిగిన చోట కాదు, దెబ్బ తగలని మూలలో కొలవాలి. పలక అంచు కింద ఒత్తిడి పడే చోట ఈవీఏ వలయం, పలక మధ్య భాగం కింద ఖాళీలో 40 డెన్సిటీ మెత్తటి ఫోమ్ వేయండి. ఈవీఏ బరువు మోస్తుంది, మెత్తటిది అదురును తాగుతుంది. రెండు చోట్లా ఒకటే వాడితే ఏదో ఒక పని చెడుతుంది. డిస్క్‌ను మెత్తటి ఫోమ్ తాకవచ్చు, అదమకూడదు. డిస్క్ చుట్టూ 35 మి.మీ. గుండ్రటి కంత కోసి పెట్టడం మేలు. మూత పెట్టినప్పుడు ఫోమ్ ఒకటి రెండు మి.మీ. మాత్రమే నలగాలి. బలంగా నొక్కితేనే స్క్రూ పడుతోందంటే ఎక్కువ మందం వేశారని అర్థం, అలా బిగిస్తే ప్యాడ్ చెక్కలా అవుతుంది.

పై రబ్బరు

రబ్బరు పగలకుండా జిగటగా మాత్రం అయితే సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక కొద్దిగా పౌడర్ రాస్తే సరిపోతుంది. నడిమధ్యలో గుంట పడి లోపలి పలక కనిపిస్తుంటే మార్చాల్సిందే. డప్పును కాచినట్టు హెయిర్ డ్రైయర్‌తో రబ్బరును కాచేవాళ్లున్నారు. తోలు కాస్తే బిగుస్తుంది, రబ్బరు కాస్తే కింద జిగురు వదులుతుంది.

పాత రబ్బరును న్యూస్ పేపర్ మీద పెట్టి గీసి, ఆ నమూనాతో కొత్త షీట్ కోయండి. కత్తెరతో అంచు వంకర పోతుంది; కొత్త బ్లేడుతో, చెక్క పలక మీద, మూడు నాలుగు గీతల్లో కోయండి. లారీ ట్యూబ్ అయితే లోపలి పక్క పౌడర్ ఉంటుంది, దాన్ని కడిగి ఆరబెట్టాలి. పలకను, రబ్బరు అడుగును 120 నంబరు ఎమ్రీ పేపర్‌తో గరుకు చేయండి. ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురును రెండింటికీ పల్చగా రాసి వేలికి అంటనంత వరకు ఆగండి. ఎండాకాలంలో పది నిమిషాలు చాలు, ముసురు పట్టిన రోజుల్లో అరగంట పడుతుంది. తడిగా ఉండగానే అంటిస్తే లోపల బుడగలు నిలిచి, ఆ చోట దెబ్బ మొద్దుగా పడుతుంది. జిగురు దిట్టంగా రాస్తే అందులోని ద్రావణి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఒక అంచు నుంచి మొదలుపెట్టి చపాతీ కర్రతో ఒత్తుకుంటూ వెళ్లండి. పైన నాలుగు పుస్తకాలు పెట్టి 24 గంటలు ముట్టుకోవద్దు.

పుల్లల కొసలు చీలి ఉంటే కొత్త రబ్బరు కూడా నెల తిరక్కుండా చిరుగుతుంది. ఎమ్రీ పేపర్‌తో కొస గుండ్రంగా చేయండి, లేదా నైలాన్ కొస ఉన్న 7ఏ పుల్లలు వాడండి. డప్పు మీద సిర్ర పట్టిన చేతులకు ఈ ప్యాడ్ మీద అంత బలం అక్కర్లేదు.

పక్క ప్యాడ్ ఇంకా పలుకుతుంటే

ఫోమ్ మార్చినా ఇది పోకపోతే ముందు ఫ్రేమ్ గొట్టాల కీళ్లు బిగించండి, కాళ్ల కింద రబ్బరు టోపీలున్నాయో చూడండి. ఊగే ఫ్రేమ్ ఒక ప్యాడ్ అదురును అన్నింటికీ పంచుతుంది.

అప్పటికీ ఉంటే అనవసరంగా పలుకుతున్న ప్యాడ్ డిస్క్ వైర్ల మధ్య ఒక పావు వాట్ రెసిస్టర్ సోల్డర్ చేయండి. మొదట 1 మెగా ఓమ్: గోధుమ, నలుపు, ఆకుపచ్చ గీతలు. చాలకపోతే 470 కిలో ఓమ్: పసుపు, ఊదా, పసుపు. ఇంకా చాలకపోతే 220 కిలో ఓమ్: ఎరుపు, ఎరుపు, పసుపు. 20 నానోఫారడ్ డిస్క్‌లో పుట్టిన ఛార్జ్ 1 మెగా ఓమ్ గుండా దిగిపోవడానికి 20 మిల్లీసెకన్ల లెక్క, 220 కిలో ఓమ్ గుండా దాదాపు నాలుగున్నర. ఎంత త్వరగా దిగిపోతే మెల్లగా వచ్చే అదురు అంత తక్కువగా కనిపిస్తుంది, అసలు దెబ్బ మాత్రం పదునుగా ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. 100 కిలో ఓమ్ కిందికి పోతే అసలు దెబ్బ కూడా బలహీనమవుతుంది. ఒకే దెబ్బకు రెండు పలికే జబ్బుకు కూడా ఇదే మందు, కానీ డిస్క్ గట్టిగా అతుక్కుని ఉందని చూసుకున్నాకే.

కిక్ పెడల్

రాక్ బ్యాండ్ పెడల్‌లో పీజో లేదు. అడుగున రీడ్ స్విచ్, కాలి పలక కింద అయస్కాంతం. తొక్కినప్పుడు అయస్కాంతం దగ్గరికొచ్చి స్విచ్ కలుస్తుంది. పెడల్ ప్లగ్ కొనకూ మొదలుకూ మల్టీమీటర్ ప్రోబ్‌లు పెట్టి బీప్ రేంజ్‌లో తొక్కండి: తొక్కితే బీప్, వదిలితే మౌనం ఉండాలి. ఇది సరిగా ఉండి కూడా గేమ్‌లో పలకకపోతే తప్పు డ్రమ్ వైపు జాక్‌లో. గిటార్ హీరో పెడల్‌లో పీజో ఉంటుంది, బీప్ పరీక్ష దానికి చెల్లదు. పైన చెప్పిన డిస్క్ పనే దానికీ.

రీడ్ స్విచ్ గాజు గొట్టం. దాని కాళ్లు వంచేటప్పుడు గాజు పక్కన 3 మి.మీ. వదిలి నోస్ ప్లయర్‌తో పట్టుకుని, ప్లయర్ అవతలి భాగమే వంచాలి. లేకపోతే గాజు కటుక్కుమంటుంది. అయస్కాంతం ధ్రువం సరిగ్గా స్విచ్ నడిమధ్యకు ఎదురుగా ఉంటే స్విచ్ కలవదు. ఇది తెలియక మంచి స్విచ్‌ను పారేసేవాళ్లున్నారు. ఒక కొన వైపు జరిపి చూడండి. పెడల్ పూర్తిగా తొక్కడానికి అర సెంటీమీటర్ ఉండగా బీప్ వచ్చేలా అమర్చి అతికించండి. అంతకన్నా ముందే కలిస్తే, వదిలినప్పుడు పెడల్ ఎగిరిన ఊపుకు రెండోసారి పలుకుతుంది.

పలక విరగడం మొదటి తరం పెడల్స్‌కు వచ్చే మామూలు సంగతి. 2008లో వచ్చిన రెండో తరానికి పైన లోహపు పలక చేర్చారు. పగులు మొదలైతే దాని కొన దగ్గర 3 మి.మీ. కంత తొలవండి, పగులు అక్కడ ఆగుతుంది. తర్వాత అల్యూమినియం కిటికీలు చేసే షాపులో 3 మి.మీ. పట్టీ ముక్క తెచ్చి, పగులుకు రెండు పక్కలా కనీసం 5 సెం.మీ. వచ్చేలా పెట్టి, 4 మి.మీ. బోల్టులు నాలుగు, లోపల నైలాన్ వలయం ఉన్న లాక్ నట్లతో బిగించండి. మామూలు నట్లు తొక్కుడుకు వదులవుతాయి. ఇనుప పట్టీ వద్దు. ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాక్కుంటుంది, స్విచ్ కలవదు. ఆ కారణంగానే బోల్టులు కూడా అయస్కాంతానికి దూరంగా వేయండి. అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్లు తలుపు తట్టకుండా పెడల్ కింద మడత బొంత పరుచుకోవడం మర్చిపోవద్దు.

సెల్స్ గది, వైర్లు

సెల్స్ కారి ఉంటే ఏ రకమో చూడండి. ఆల్కలైన్ సెల్స్ తెల్లటి పొడి కడతాయి, దానికి నిమ్మరసమో వెనిగరో దూదిపుల్లతో రాయాలి. చవక కార్బన్ సెల్స్ గోధుమరంగు తడి కక్కుతాయి, అది ఆమ్లం. దానికి వంటసోడా కలిపిన నీళ్లు. తర్వాత తడి గుడ్డతో, ఆ తర్వాత ఐపీఏతో తుడవండి. స్ప్రింగ్ పచ్చగా మారి సన్నబడితే మార్చేయండి.

వైరు కిట్‌లో యూఎస్‌బీ తెగితే ఎరుపు 5 ఓల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటా. రంగుకు రంగు కలిపి, ఒక్కోదానికీ విడిగా స్లీవ్ వేయండి. తెలుపు, ఆకుపచ్చ తారుమారైతే కంప్యూటర్ కిట్‌ను గుర్తించదు, అంతకు మించి నష్టం ఉండదు. ఎరుపు, నలుపు తారుమారైతే బోర్డే కాలిపోవచ్చు.

బిగించడం

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను నేరుగా బిగించకండి. ముందు వెనక్కి తిప్పండి. ఒక చోట టిక్కున కిందికి దిగుతుంది, అది పాత మర. అక్కడి నుంచి ముందుకు బిగించండి. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసి కోసి కంత వదులైపోతుంది. ఇప్పటికే వదులైతే కంతలో కొద్దిగా వంటసోడా పోసి ఫెవిక్విక్ రెండు చుక్కలు వేయండి. క్షణంలో రాయవుతుంది. పొగ వస్తుంది, ముఖం దూరంగా పెట్టండి. అందులో 2 మి.మీ. కంత తొలిచి స్క్రూ దించండి.

అన్ని స్క్రూలూ సగం సగం దించి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ పూర్తి చేయండి. ఒక పక్క ముందే బిగిస్తే ఫోమ్ ఏటవాలుగా నలిగి ఆ పక్క మెల్లటి దెబ్బలు పలకవు. తర్వాత మొదట రాసుకున్న కాగితం తీసి అవే పదేసి దెబ్బలు మళ్లీ కొట్టండి. ఏ ప్యాడ్‌కైనా అంచు దెబ్బలు మాత్రమే తక్కువ పలికితే విప్పక్కర్లేదు, ఆ అంచు స్క్రూ పావు చుట్టు వదలండి. అన్నిచోట్లా తక్కువైతే ఫోమ్ మందం ఒక మి.మీ. తగ్గించాలి. కిట్‌ను మళ్లీ అటకెక్కించే ముందు సెల్స్ బయటికి తీసి పెట్టండి.